ముందు నీళ్లు, తర్వాతే బోటు: చెన్నైలో పాత మోటారు బోటు కొనేవారికి

చెన్నైలో పాత మోటారు బోట్ల అమ్మకం ప్రకటనలన్నీ దాదాపు ఒకే మూసలో ఉంటాయి. 16 అడుగుల ఫైబరు బోటు, 40 హార్స్‌పవర్ ఇంజిన్, ఒకే యజమాని, తక్కువ వాడకం. ఇంజిన్ ఎన్ని గంటలు తిరిగిందో రాస్తారు, సీట్లకు కొత్త రెగ్జిన్ వేయించామనీ రాస్తారు. ఆ బోటు ఇన్నాళ్లూ ఏ నీళ్లలో తిరిగిందో, దానికి నంబరు ఇచ్చిన ఆఫీసు ఏదో మాత్రం రాయరు. కొనేవారూ అడగరు. కారు కొన్న అలవాటుతో వస్తారు కదా! కారుకు ఏ రోడ్డయినా ఒకటే, రిజిస్ట్రేషన్ చేసే ఆఫీసు ఒకటే, సాయంత్రం తెచ్చి ఇంటి ముందు నిలిపితే సరిపోతుంది. బోటు విషయంలో ఈ మూడింట్లో ఒక్కటీ నిజం కాదు.

కొత్తది కొనాలంటే విహార పడవల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 40 శాతం. కాబట్టి చూపు పాతవాటి మీదకు మళ్లడం సహజమే, తెలివైన పని కూడా. కానీ చాలామంది వరుస తప్పుతారు. ముందు బోటును చూసి మనసు పారేసుకుంటారు, బేరం కుదుర్చుకుంటారు, ఆ తర్వాత ఇంజిన్ సంగతి, మరి కొన్నాళ్లకు కాగితాల సంగతి, అన్నిటికన్నా చివర దాన్ని ఎక్కడ దించాలన్న సంగతి గుర్తుకొస్తాయి. ఈ వరుసను సరిగ్గా తిరగేయాలి. ఏ నీళ్లలో తిరగబోతున్నారో తేలితే ఏ చట్టం వర్తిస్తుందో తేలుతుంది, బోటు అడుగు ఎలా ఉండాలో తేలుతుంది, ఏటా ఖర్చెంతో కూడా చాలావరకు తేలుతుంది.

ఎక్కడ దించుతారు?

చెన్నై చుట్టూ నీళ్లకు కొదవ లేదు, మోటారు బోటు దించే చోటుకే కొదవ. తెలుగుగంగ ద్వారా కృష్ణా నీళ్లు చేరే పూండి, ఆ పక్క చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం అన్నీ నగరానికి తాగునీరిచ్చే జలాశయాలు. సొంత మోటారు బోటు విషయంలో వాటిని మర్చిపోండి. ముట్టుకాడు బ్యాక్‌వాటర్‌లో తమిళనాడు పర్యాటకాభివృద్ధి సంస్థ 1984 నుంచి బోట్‌హౌస్ నడుపుతోంది. అక్కడి షికారు వాళ్ల చేతుల్లో ఉంది. పైగా సముద్రంలో కలిసే చోట ఇసుక మేట వేస్తుంటుంది కాబట్టి అటునుంచి కడలిలోకి ఎప్పుడంటే అప్పుడు దారి దొరకదు.

ఇక పులికాట్. తెలుగువాళ్లకు ఆ పేరు వినగానే మన సరస్సే కదా అనిపిస్తుంది, దాని ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది మరి. అయితే రెండు రాష్ట్రాల వైపూ అది పక్షుల అభయారణ్యం. తూర్పున శ్రీహరికోట, దాని భద్రతా నిబంధనలు. లోతు చాలాచోట్ల మనిషి ఎత్తు కూడా ఉండదు, దాంతో ప్రొపెల్లర్ బురద తవ్వుతుంది. 2011 క్రిస్మస్ రోజున ఇక్కడే ఒక పడవ తిరగబడి 20 మందికి పైగా చనిపోయారు. అటవీ శాఖను అడగకుండా పులికాట్ మీద ఆశ పెట్టుకుని బోటు కొనవద్దు.

మిగిలింది సముద్రం. ఇక్కడ ప్రైవేటు బోట్లకు కొచ్చిలోని బోల్గాట్టి తరహా మెరీనా లేదు. హార్బరు లోపల రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ ఉంది. దాన్ని 1911లో స్థాపించింది అప్పటి పోర్ట్ ట్రస్టు ఛైర్మన్ సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్. తన ఆఫీసులో గుమాస్తాగా ఉన్న శ్రీనివాస రామానుజన్‌ను ప్రోత్సహించిన స్ప్రింగ్ ఈయనే. క్లబ్ ప్రధానంగా తెరచాప పడవలది, సభ్యత్వం ఉంటే తప్ప లాభం లేదు. అయినా సముద్రం కొత్తవారు అక్కడ కొన్నాళ్లు తెరచాప నేర్చుకుంటే గాలినీ అలనూ చదవడం వస్తుంది. ఆ చదువు మోటారు బోటుకూ పనికొస్తుంది.

క్లబ్ కాకపోతే ఒడ్డు నుంచే దించాలి. కోవళం నుంచి ఎన్నూరు దాకా మన తీరమంతా అలలకు అడ్డులేని తీరం, ఒడ్డుకు దగ్గర్లోనే అలలు విరుగుతాయి. జాలర్ల ఫైబరు బోట్లు ఆ అలల్ని దాటడానికే పుట్టాయి: తేలిక, పొడవు, ముక్కు పైకి లేచి ఉంటుంది, నలుగురు కలిసి ఇసుక మీద నెట్టుకుపోగలరు. సరస్సు కోసం తయారైన వెడల్పాటి షికారు బోటును అదే అలల్లోకి నెడితే అడ్డం తిరిగి, వెనక నుంచి నీళ్లు మింగి, ఇంజిన్‌తో సహా ఇసుకలో కూరుకుపోతుంది. పైగా ఏ ఒడ్డయినా ఏదో ఒక కుప్పం, అంటే జాలర్ల పల్లె, వాళ్ల ఒడ్డే. కుప్పం పెద్దలతో ముందు మాట్లాడుకోకుండా ట్రైలరు తీసుకుపోయి దించడం మర్యాదా కాదు, క్షేమమూ కాదు. రేపు మీ ప్రొపెల్లర్‌కు వల చుట్టుకుంటే, ఇంజిన్ ఆగి కొట్టుకుపోతుంటే, వచ్చి లాగేది వాళ్లే.

ఏ ఆఫీసు నంబరు?

కాగితాల చిక్కుముడి చాలావరకు మూడు దారాలు కలిసిపోవడం వల్ల పడుతుంది. నదులు, కాలువలు, సరస్సులు, ప్రభుత్వం ప్రకటించిన హద్దు వరకు ఆటుపోట్ల నీళ్లు, వీటిలో తిరిగే మర పడవలు దేశీయ జలనౌకల చట్టం కిందికి వస్తాయి. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో కొత్తది వచ్చింది. పాత పద్ధతిలో రాష్ట్రం దాటితే అక్కడి అనుమతి కోసం మళ్లీ తిరగాల్సి వచ్చేది. ఇప్పుడు ఒక రాష్ట్రం ఇచ్చిన రిజిస్ట్రేషన్ దేశమంతటా చెల్లుతుంది. రిజిస్ట్రేషన్‌తో పాటు సర్వే ధ్రువపత్రం, బీమా చూసుకోవాలి. సర్వే అంటే బోటు నీళ్లలో తిరగడానికి తగినదేనని నిర్ణీత అధికారి పరీక్షించి ఇచ్చే పత్రం. దానికి గడువు ఉంటుంది. గడువు తీరిన సర్వేతో అమ్మే బోటు ధరలో ఆ తనిఖీకి సిద్ధం చేయడానికయ్యే ఖర్చు తగ్గించి బేరమాడండి.

సముద్రంలో తిరిగేవి మర్చంట్ షిప్పింగ్ చట్టం పరిధి, చెన్నైలో మర్కంటైల్ మెరైన్ డిపార్ట్‌మెంటు ఆఫీసు. 1958 నాటి చట్టానికి బదులుగా 2025లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది కాబట్టి, చిన్న బోట్లకు ఏమీ అక్కర్లేదని పాత రోజుల జ్ఞానంతో చెప్పేవారి మాట పట్టుకోవద్దు. అమ్మేవారి మాటా పట్టుకోవద్దు. బోటు పొడవు, బరువు, ఇంజిన్ వివరాలు రాసి ఆ ఆఫీసునే అడిగి, జవాబును కాగితం మీద తీసుకోండి. రేవు పరిమితుల్లో తిరగాలంటే రేవు అధికారుల అనుమతి వేరు. ఎన్నూరు కామరాజర్ రేవు, కాట్టుపళ్లి, దక్షిణాన కల్పాక్కం అణు కేంద్రం చుట్టుపక్కల నీళ్లు షికారుకు కావు.

మూడో దారమే అసలైన ఉచ్చు. చెన్నైలో చవకగా దొరికే పాత బోట్లలో చాలా భాగం చేపల వేటకు రిజిస్టరైనవి. తమిళనాడు సముద్ర మత్స్య నియంత్రణ చట్టం, 1983 కింద మత్స్యశాఖ ఇచ్చిన నంబరు వాటిది. రాయితీ ఇంధనం, వేట అనుమతి, ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవలకు 61 రోజుల వేట నిషేధం వంటివన్నీ ఆ లోకానికి చెందిన సంగతులు. ఆ నంబరుతో మీరు కుటుంబాన్ని షికారు తిప్పలేరు. రంగు మార్చి, నాలుగు కుర్చీలు బిగించి, పైన గుడ్డ పందిరి వేసి విహార నౌక అని అమ్మేవారు ఉన్నారు. 2023 మేలో కేరళలోని తానూర్‌లో 22 మందిని బలిగొన్న పడవ అలా చేపల బోటును మార్చి తయారుచేసిందే. పైన బరువు పెంచితే బోటు నిలకడ మారిపోతుంది. తేలికపాటి అడుగు మీద మనుషులందరూ ఒక్క వైపుకు చేరితే తిరగబడడానికి క్షణాలు చాలు. 2019లో కచ్చులూరు చూసిన తెలుగువాళ్లకు ఈ విషయంలో వేరే హెచ్చరిక అక్కర్లేదనుకుంటాను.

ఇంజిన్‌కు విడిగా కాగితం అడగండి. బోటు వెనక బయట బిగించే ఔట్‌బోర్డ్ ఇంజిన్లు ఎక్కువగా దిగుమతివి, బోటు నుంచి ఊడదీసి దొంగిలించడమూ తేలికే. బిగింపు మీది సీరియల్ నంబరు, బిల్లులోని నంబరు ఒకటే కావాలి. గీకేసిన నంబరు కనిపిస్తే ఇంక మాట్లాడేదేమీ లేదు, వచ్చేయడమే. ట్రైలరుతో కొంటుంటే, మోటారు వాహనాల చట్టం దృష్టిలో ట్రైలరు కూడా వాహనమే, దాని రిజిస్ట్రేషన్ దానికుండాలి. దీన్ని చాలామంది ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద పోలీసు ఆపినప్పుడే తెలుసుకుంటారు.

ఇంజిన్ మీద అరచెయ్యి

మా పెదనాన్నగారి అబ్బాయి వేళచ్చేరిలో ఉంటాడు. ఒక బోటు చూడడానికి వెళ్తూ, కాశిమేడులో ఇంజిన్లు బాగుచేసే శ్రీకాకుళం మెకానిక్‌ను వెంటబెట్టుకున్నాడు, నేనూ తోడు వెళ్లాను. అమ్మే పెద్దమనిషి టార్పాలిన్ తీసి కొత్త సీట్లు చూపిస్తున్నాడు. మెకానిక్ అటు చూడనే లేదు. నేరుగా అమరం, అంటే బోటు వెనక భాగం, వైపు వెళ్లి, ఇంజిన్ మూత ఎత్తి, లోపల అరచెయ్యి ఆనించాడు.

"వేడిగా ఉంది సార్. మనం వచ్చేలోపే నడిపి ఉంచారు."

"అయితే ఏమైందయ్యా?" అన్నాడు అన్నయ్య.

"చల్లటి ఇంజిన్ స్టార్ట్ అయితేనే దాని ఆరోగ్యం తెలిసేది. వేడి మీద ఏదైనా స్టార్ట్ అవుతుంది."

చల్లారేదాకా ఊరికే కూర్చోలేదు. ఇంజిన్ కింది గేరు డబ్బాకు అడుగున ఉండే స్క్రూను కొద్దిగా వదులు చేసి, వేలి మీద రెండు చుక్కలు పట్టాడు. నూనె కన్నా నీళ్లు బరువు కాబట్టి, లోపల నీళ్లుంటే మొదట బయటికొచ్చేది అడుగున పేరుకున్నదే. వచ్చింది ఫిల్టర్ కాఫీ రంగులో ఉంది. సీళ్లు పోయి ఉప్పునీళ్లు గేర్లలోకి దిగుతున్నాయని అర్థం. సీళ్లు మార్చడం పెద్ద ఖర్చు కాదు, కానీ ఆ నీళ్లతో ఎన్నాళ్లు తిప్పారో, గేర్ల పళ్లు, బేరింగులు ఎంత తిన్నాయో విప్పితే గాని తెలియదు.

తర్వాత స్క్రూడ్రైవర్ పిడితో ఇంజిన్ బిగించిన వెనక పలకను ఈ చివర నుంచి ఆ చివరకు తట్టుకుంటూ వచ్చాడు. ట్రాన్సమ్ అనే ఈ పలక పాత బోట్లలో ఫైబరు పొరల మధ్య ప్లైవుడ్. పై భాగమంతా టక్‌టక్ మని గట్టిగా మోగింది. బోల్టులు దిగిన చోట మాత్రం మెత్తగా, చప్పుడు లోపలే చచ్చినట్టు. బోల్టు రంధ్రాల గుండా నీళ్లు దిగి లోపలి చెక్క కుళ్లింది. ఇంజిన్‌ను పైకి వాల్చి దాని కొస మీద చేత్తో బరువు వేసి నొక్కితే పలక కళ్లకు కనిపించేంత కదిలింది. ఆ పలకను విప్పి చెక్క మార్చడం బోటు మరమ్మతుల్లో అన్నిటికన్నా పెద్ద పనుల్లో ఒకటి. అన్నయ్య ఆ బోటు కొనలేదు. సీట్లు మాత్రం బాగున్నాయి.

మీరు చూసే ఇంజిన్ ఇంతదాకా నెగ్గితే చేయదగిన పరీక్షలు మరో రెండు ఉన్నాయి. ప్రతి సిలిండర్ కంప్రెషన్ కొలిపించాలి. సంఖ్య ఎంతన్నది మోడల్‌ను బట్టి మారుతుంది, సిలిండర్ల మధ్య తేడా 10 శాతం దాటకపోవడం ముఖ్యం. నీళ్లలో పూర్తి వేగంతో నడిపినప్పుడు ఇంజిన్ తన పుస్తకంలో రాసిన చుట్ల వేగాన్ని అందుకోవాలి. చాలా నాలుగు స్ట్రోకుల ఔట్‌బోర్డులకు అది నిమిషానికి 5,000 నుంచి 6,000 మధ్య ఉంటుంది. అందుకోలేకపోతే ఇంజిన్ అలసిందో, ప్రొపెల్లర్ పిచ్ (ఒక్క చుట్టుకు అది ముందుకు సాగే దూరం) ఎక్కువైందో. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే సుమారు 150 నుంచి 200 చుట్లు పెరుగుతాయి కాబట్టి, కొద్దిపాటి తేడా అయితే భయపడనక్కర్లేదు. నడుస్తున్నంత సేపూ ఇంజిన్ పక్కనుంచి సన్నని నీటిధార చిమ్ముతుండాలి. అది ఆగిందంటే చల్లబరిచే నీరు అందడం లేదు. లోపల ఆ నీళ్లు తోడే రబ్బరు ఇంపెల్లర్ అరిగిందేమో, ఇసుకో ప్లాస్టిక్ సంచో అడ్డుపడిందేమో చూడాలి. పాత బోటు కొన్న రోజే ఇంపెల్లర్ మార్చేయడం మంచిది, పాతది ఎంత బాగున్నట్టు కనిపించినా సరే.

మొదటిసారి కొనేవారికి లోపల బిగించే ఇంజిన్ కన్నా ఔట్‌బోర్డే మేలని నా అభిప్రాయం. ఉప్పునీళ్లలోంచి పైకి వాల్చి ఉంచవచ్చు, పాడైతే ఊడదీసి మెకానిక్ దగ్గరకు మోసుకుపోవచ్చు. లోపలి పెట్రోలు ఇంజిన్‌లో ఇంకో ప్రమాదం, పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువై బోటు అడుగున చేరుతుంది. బ్లోయర్‌తో నాలుగైదు నిమిషాలు గాలి బయటికి పంపాకే తాళం తిప్పాలి.

పెట్రోలు కథ మారింది

పాత పుస్తకాల్లో దొరకని సమస్య ఒకటి ఇప్పుడు వచ్చింది. 2025 నాటికి మన పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. ఔట్‌బోర్డ్ ఇంజిన్ల మాన్యువళ్లు ఎక్కువగా 10 శాతం దాకానే అనుమతిస్తాయి. కారు ట్యాంకులో పెట్రోలు వారంలో ఖాళీ అవుతుంది, బోటు ట్యాంకులో నెలల తరబడి ఉంటుంది, పైగా దాని గాలిగొట్టం చెన్నై ఉక్క గాలిని పీలుస్తూ ఉంటుంది. ఇథనాల్ ఆ తేమను పట్టుకుంటుంది. ఒక స్థాయి దాటాక నీళ్లూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి. ఇంజిన్‌కు ఇంధనం పీల్చే గొట్టం కూడా అడుగునే ఉంటుంది. పాత రబ్బరు గొట్టాలు, కార్బొరేటర్ వాషర్లు ఇథనాల్‌కు మెత్తబడి పొరలుగా ఊడి జెట్లకు అడ్డం పడతాయి.

మందు ఖరీదైనదేమీ కాదు. ఇంధన గొట్టాలన్నీ ఇథనాల్‌ను తట్టుకునేవి వేయించండి, నీటిని వేరుచేసే 10 మైక్రాన్ల ఫిల్టరు బిగించండి. ఆ రోజుకు కావలసినంతే పెట్రోలు పోయించుకుని, మిగిలింది నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌దైతే ఇంటికొచ్చాక కారులో పోసేయండి. కార్బొరేటర్ ఇంజిన్ అయితే చివర్లో ఇంధన గొట్టం తీసేసి, అదే ఆగేదాకా నడపండి. రెండు స్ట్రోకుల ఇంజిన్‌కు ఎంత నూనె కలపాలో ఇంజిన్ పుస్తకమే చెప్పాలి. 50 లీటర్లకు ఒక లీటరు సాధారణ లెక్కే అయినా పాత మోడళ్లలో మారుతుంది. జాలర్లు వాడిన ఇంజిన్లలో కిరోసిన్‌కు తయారైనవీ ఉంటాయి, అది ముందే అడగాలి.

తాగుడు ఎంత? 40 హార్స్‌పవర్ నాలుగు స్ట్రోకుల ఇంజిన్ పూర్తి వేగంలో గంటకు సుమారు 15 లీటర్లు తాగుతుంది, అంటే 1,500 రూపాయల పైమాటే. మోస్తరు వేగంలో సగానికి పడిపోతుంది. ట్యాంకులో మూడో వంతు వెళ్లడానికి, మూడో వంతు రావడానికి, మిగతాది ముట్టకుండా ఉంచుకోవాలి. గాలికి ఎదురు రావాల్సి వస్తే ఆ మిగతాది పనికొస్తుంది.

చెన్నైలో ఆ ఎదురుగాలి ఎప్పుడొస్తుందో చాలావరకు ముందే తెలుసు. వేసవిలో పొద్దెక్కేకొద్దీ సముద్రపు గాలి పుంజుకుని నీళ్లు చిలికినట్టవుతాయి. తెల్లవారుజామున బయలుదేరి ఎండ ముదరకముందే వచ్చేసేవారికి ఆ బాధ ఉండదు. అలల ఎత్తు అంచనాలను హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ రోజూ ఇస్తుంది, చూడకుండా దించవద్దు. ఎంతమందిని ఎక్కించవచ్చో తయారీదారు పలక చెబుతుంది. పలక పోయి ఉంటే అడుగుల్లో పొడవును వెడల్పుతో హెచ్చించి 15తో భాగించే మోటు లెక్క ఒకటుంది. 16 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పుకు ఆరుగురు, అదీ నీళ్లు నిమ్మళంగా ఉంటేనే. సముద్రంలోకి నలుగురు చాలు. లైఫ్ జాకెట్లు సీటు కింద కాదు, ఒంటి మీద ఉండాలి. పిల్లలకు వాళ్ల బరువుకు తగ్గవి వేరుగా కొనాలి. నడిపే మనిషి పడిపోతే ఇంజిన్ ఆపేసే తాడు ఆయన చేతికో నడుముకో తగిలించి ఉండాలి.

ఒడ్డుకు దూరమయ్యేకొద్దీ ఫోను సిగ్నల్ పోతుంది. టెలికాం శాఖ లైసెన్సుతో వీహెచ్‌ఎఫ్ రేడియో ఉంటే ఆపదలో 16వ ఛానెల్ మీద పిలవవచ్చు. సిగ్నల్ ఉన్నంత వరకు కోస్ట్‌గార్డ్ నంబరు 1554, తీర భద్రతా పోలీసుల నంబరు 1093. 2008 ముంబయి దాడుల తర్వాత తీరంలో తెలియని బోటును అనుమానంగానే చూస్తారు. దగ్గరలోని తీర పోలీసు స్టేషన్‌లో బోటు వివరాలు ముందే ఇచ్చి, గుర్తింపు కార్డులు వెంట పెట్టుకుంటే ఆపి అడిగినా పని తేలిగ్గా అయిపోతుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఈ తీరానికి వస్తాయి, ఊపిరి పీల్చడానికి పైకి తేలతాయి. ఆ నెలల్లో ఒడ్డు దగ్గర వేగం తగ్గించండి.

తిరిగొచ్చాక అలసట మీద కడుగుడు వాయిదా పడకూడదు. ఇంజిన్‌కు నీటి గొట్టం తగిలించి మంచినీటితో పది నిమిషాలైనా నడపాలి. ట్రైలరు చక్రాల బేరింగులు వేడి మీద ఉప్పునీళ్లలో మునిగితే చల్లబడుతూ నీళ్లను లోపలికి లాక్కుంటాయి, అందుకే దించేముందు కాసేపు ఆగాలి, గ్రీజు తరచూ పెట్టించాలి. ఇంజిన్ మీది జింకు ముక్కలు తుప్పును తమ మీదకు తీసుకుని కరిగిపోవడానికే ఉన్నాయి. సగం కరిగితే మార్చండి. పాత బోటులో అవి ఎప్పటికీ కొత్తవాటిలా మెరుస్తుంటే సంతోషించకండి, మీద రంగు వేశారనో విద్యుత్ సంబంధం తెగిందనో అర్థం. అప్పుడు తుప్పు తినేది ఇంజిన్‌నే.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు. వర్దా, మిచౌంగ్ లాంటి తుఫానులు నగరాన్ని కొట్టింది ఆ చివరి నెలలోనే. ఆ మూడు నెలలు బోటును ఒడ్డుకు చేర్చి ఉంచడమే మంచిది. ట్యాంకు ఖాళీ చేసి, గేరు నూనె మార్చి, బ్యాటరీ ఇంటికి తెచ్చుకుని, బోటును ట్రైలరుకు, ట్రైలరును నేలలో పాతిన కొక్కేలకు కట్టండి. ముక్కు కాస్త ఎత్తులో ఉండేలా నిలిపి, అమరం అడుగున ఉండే డ్రెయిన్ ప్లగ్గు తీసేయండి. తీయకపోతే ఒక్క రాత్రి వానకు బోటు నిండి, ఆ బరువుకు ట్రైలరు ఇరుసు వంగుతుంది. తీసిన ప్లగ్గును ఇంజిన్ తాళంచెవికే కట్టి ఉంచండి. జనవరిలో మళ్లీ దించేటప్పుడు అది బిగించకుండా తాళం పెట్టే వీలుండదు.